ఆర్డర్లు రికార్డు చేద్దామని పెట్టె బిగిస్తే, ఇంటి మాటలు దొరికాయి

విజయవాడ ఆటోనగర్ నుంచి ఒక పాఠకుడు పెద్ద ఉత్తరం రాశారు. పేరు, షాపు పేరు బయటపెట్టొద్దన్నారు. క్లుప్తంగా ఆయన సమస్య ఇది.

ఆయన వయసు 34. తండ్రికి పక్షవాతం వచ్చాక బెంగళూరులో ఉద్యోగం మానేసి వచ్చి లారీ విడిభాగాల హోల్‌సేల్ షాపు చూసుకుంటున్నారు. ఒంగోలు, ఏలూరు, ఖమ్మం వైపు మెకానిక్కులు, చిన్న షాపుల వాళ్లు ఫోన్‌లోనే ఆర్డర్ చెబుతారు. షాపులో రెండు ల్యాండ్‌లైన్లు, వాటిని ఆరు ఎక్స్‌టెన్షన్లకు పంచే పాత ఈపీఏబీఎక్స్, షాపు పేరు మీద రెండు మొబైళ్లు ఉన్నాయి. ఆర్డర్లు ఎక్కువగా రాసుకునేది ఇరవై ఏళ్లు దాటి అక్కడే పనిచేస్తున్న పెద్ద గుమస్తా. ఈయన ఆయన్ని చిన్నప్పటి నుంచీ 'మావయ్యా' అని పిలుస్తారు.

ఈ మధ్య రెండు గొడవలయ్యాయి. ఒంగోలు కస్టమర్ తాను 6305 నంబర్ బేరింగులు అడిగానంటే, బిల్లులో 6205 పడి అదే సరుకు వెళ్లింది. ఇంకొకాయన వాట్సాప్ కాల్‌లో ఆయిల్ సీళ్లు చెప్పాడు. నాలుగు పెట్టెలు అన్నానని ఆయన, నలభై పీసులే అన్నారని మావయ్య. రెండుసార్లూ నష్టం షాపే భరించింది, ఒక కస్టమర్ పోయాడు. కాల్స్ రికార్డు చేద్దామంటే నాన్నగారు ఒప్పుకోలేదు, 'మన దగ్గర దొంగలెవరున్నారు' అన్నారు. దాంతో ఈయన ఒక ఆదివారం ఫిట్టర్‌ని పిలిపించి, ఎవరికీ చెప్పకుండా రెండు లైన్లకూ రికార్డింగ్ పెట్టె పెట్టించారు. నెల రోజులుగా రాత్రిళ్లు వింటున్నారు.

విన్నవాటిలో రెండు ఈయనకు నిద్ర లేకుండా చేస్తున్నాయి. ఒకటి, మావయ్య తన కూతురితో మాట్లాడిన కాల్. 'ఫోన్‌లో నంబర్లు సరిగ్గా వినపడట్లేదమ్మా, బాబుకి తెలిసి పరువు పోయేలోపు ఉగాదికి మానేస్తా, పక్క వీధి వాళ్లు గోడౌన్ చూసుకోమని అడుగుతున్నారు' అన్నారట. రెండోది, బిల్లింగ్‌లో కూర్చునే ఒకావిడకు ఆసుపత్రి నుంచి వచ్చిన ఫోన్. పని వేళల్లో సొంత మొబైళ్లు డ్రాయర్‌లో పెట్టాలన్న నియమం ఉండటంతో ఆవిడ షాపు నంబర్ ఇచ్చుకున్నారు. ఒక క్లిప్ భార్యకు వినిపిస్తే ఆవిడ 'ముందు ఆ పెట్టె పీకించండి' అన్నారు.

ఈయన అడుగుతున్నవి నాలుగు. నేను చేసింది చట్టప్రకారం తప్పా? పద్ధతిగా రికార్డు చేయాలంటే ఏది మేలు? మావయ్యకు ఏం చెప్పాలి? ఇదంతా నాన్నకు తెలియాలా?

*

మీ ఉత్తరంలో ఒక్క విషయంలో మాత్రం మీకు రెండు దారులు చూపించలేను. ఇది చదవగానే ఆ పెట్టె ఆపేయండి. మిగతావన్నీ తీరిగ్గా మాట్లాడుకుందాం. వాటిలో దేన్ని ఎంచుకున్నా మీ ఇష్టమే, ఏది ఎంచుకుంటే ఏమవుతుందో మాత్రం చెబుతాను.

ముందు ఆ పెట్టె అసలు ఏం పట్టిందో చూడండి. ఆయిల్ సీళ్ల గొడవ వాట్సాప్ కాల్‌ది, అంటే ల్యాండ్‌లైన్ మీద కూర్చున్న పెట్టెకు అది ఎప్పటికీ దొరకదు. మీ ఉత్తరంలోనే ఇంకోచోట 'ఇప్పుడు సగం ఆర్డర్లు మొబైల్‌కే వస్తున్నాయి' అని రాశారు. మరి ల్యాండ్‌లైన్‌కు వచ్చేవి ఏవి? మిగతా సగం ఆర్డర్లు, వాటితో పాటు మొబైల్ డ్రాయర్‌లో పెట్టిన మీ మనుషుల ఇళ్ల నుంచి వచ్చే ఫోన్లు. డ్రాయర్ నియమం పెట్టింది మీరే, పెట్టె పెట్టించిందీ మీరే. ఒకటి ఇంటి మాటల్ని ఆ లైన్ మీదకు తోసింది, ఇంకొకటి వాటిని పట్టుకుంది. మీరు కావాలని చేశారని అనను. కానీ తెలిసినప్పుడు ఆవిడకు ఇది అలా కనిపించదు.

చట్టం సంగతి. నేను లాయర్ని కాను, అయినా ఈ విషయంలో ప్రధానమైన తేడా అర్థం చేసుకోవడం కష్టం కాదు. మాట్లాడుతున్న ఇద్దరిలో ఒకరు రికార్డు చేసుకోవడం వేరు, ఆ సంభాషణలో లేని మూడో మనిషి రికార్డు చేయడం వేరు. బొంబాయిలో ఒక అధికారి ఒక డాక్టర్‌ను లంచం అడిగిన కేసులో, 1973లో మల్కానీ తీర్పుగా ప్రచురితమైన దానిలో, సుప్రీంకోర్టు టేపును సాక్ష్యంగా ఒప్పుకుంది. అక్కడ మాట్లాడుతున్న డాక్టర్‌కు రికార్డింగ్ సంగతి తెలుసు, ఒప్పుకునే మాట్లాడారు. 1996లో పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో అదే కోర్టు ఫోన్ సంభాషణ వ్యక్తిగత గోప్యతలో భాగమంది. 2008లో ప్రచురితమైన రాయల భువనేశ్వరి కేసు తీర్పులో మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, భార్య తన తల్లిదండ్రులతో, స్నేహితులతో మాట్లాడిన మాటల్ని భర్త ఆమెకు తెలియకుండా రికార్డు చేయడం అక్రమమని తేల్చింది. 2025 జులైలో సుప్రీంకోర్టు భార్యాభర్తల మధ్య రహస్య రికార్డింగును విడాకుల కేసులో సాక్ష్యంగా తీసుకోవచ్చంది నిజమే. అది ఆ ఇద్దరి మధ్య మాటల గురించి, వివాహ వివాదం గురించి. షాపు యజమానికి, బిల్లింగ్ ఆవిడకు వచ్చిన ఆసుపత్రి ఫోన్‌కు అది గొడుగు పట్టదు.

2023 టెలికమ్యూనికేషన్స్ చట్టం 42వ సెక్షన్ 2024 జూన్ నుంచి అమల్లో ఉంది. అక్రమంగా సందేశాలను, అంటే ఫోన్ మాటల్ని కూడా, మధ్యలో అందుకుంటే మూడేళ్ల వరకు జైలు, 2 కోట్ల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ అంటుంది. 'లైను నాది, బిల్లు కట్టేది నేను' అని వాదించే లాయర్ మీకు దొరకొచ్చు. ఆ వాదన నమ్ముకుని షాపు నడపకండి.

చట్టం పక్కన పెట్టినా, మీ రికార్డింగ్ మీకు పనికొచ్చే రకం కాదు. రేపు ఒంగోలు కస్టమర్ మీద డబ్బు కోసం కోర్టుకు వెళ్లారనుకోండి. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు సర్టిఫికెట్ ఇవ్వాలి. ఏ పరికరంతో తీశారు, అది ఎవరి ఆధీనంలో ఉంది, ఫైలు హ్యాష్ విలువ (ఫైలు మారలేదని చూపే వేలిముద్ర లాంటి సంఖ్య) ఎంత అన్నీ రాసి సంతకం పెట్టాలి. దాని మీద నిపుణుడి సంతకం కూడా ఉండాలి. అంటే ఈ పెట్టెను ఎవరికీ చెప్పకుండా నడిపింది నేనే అని మీరే కాగితం మీద ఒప్పుకున్నట్టు. కోర్టు దాకా పోనక్కర్లేదు, కస్టమర్‌కు వినిపించగలరా? వినిపిస్తే ఆయన ఆ సాయంత్రానికి ఆటోనగర్ అంతా చెబుతాడు, మీ షాపుకు ఫోన్ చేస్తే జాగ్రత్త అని.

ఇప్పుడు మావయ్య చెవుల సంగతి. నాకైతే మీ ఉత్తరం మొత్తంలో అసలు విషయం ఇదే.

6205కూ 6305కూ లోపలి బోర్, అంటే రంధ్రం వ్యాసం, ఒకటే, 25 మి.మీ. బయటి వ్యాసం ఒకదానికి 52, ఇంకోదానికి 62. మధ్యలో ఒక్క అంకె తేడా. మామూలు ల్యాండ్‌లైన్ మనిషి గొంతులో దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ దాకా ఉన్న భాగాన్నే మోస్తుంది. 'స', 'ష', 'థ' లాంటి హల్లుల్ని స్పష్టంగా వేరుచేసే పదును చాలావరకు ఆ పైన ఉంటుంది. వయసుతో వచ్చే వినికిడి లోపం కూడా మొదట ఆ పై భాగాన్నే తీసుకుపోతుంది. కాబట్టి ఎదురుగా నిలబడి మాట్లాడితే ఏ ఇబ్బందీ లేని మనిషి, లారీ హారన్ల మధ్య ల్యాండ్‌లైన్‌లో 'టూ'నో 'త్రీ'నో తేల్చుకోలేకపోవడంలో వింత లేదు. 'వాళ్లు అన్నదే రాశాను' అని ఆయన అనడం అబద్ధం కాదు. ఆయనకు వినిపించింది అదే.

ఒక వింత చూడండి. రెండువైపులా 4జీ వోల్టీ (4జీ నెట్‌వర్క్ మీదే కాల్ నడిచే) మొబైళ్లు ఉండి, నెట్‌వర్క్ కుదిరితే, గొంతు 7000 హెర్ట్జ్ దాకా వస్తుంది. అంటే మీరు డ్రాయర్‌లో పెట్టించిన ఫోన్ ఆయన చెవికి ల్యాండ్‌లైన్ కన్నా మేలు. మంచి ఇయర్‌ఫోన్ పెట్టుకుంటే ఇంకా మేలు. ఈఎన్‌టీ దగ్గర ఆడియోగ్రామ్ (వినికిడి పరీక్ష) తీయించడం పెద్ద పని కాదు. వినికిడి యంత్రం అవసరమో కాదో అక్కడ తేలుతుంది.

రికార్డింగు పద్ధతులు అడిగారు కదా, చెబుతాను. మీరు పెట్టించింది అన్నిటికన్నా పాత రకం, లైనుకు సమాంతరంగా తగిలించే పెట్టె. రిసీవర్ ఎత్తగానే లైన్ వోల్టేజీ పడిపోతుంది, అది చూసి రికార్డింగ్ మొదలుపెడుతుంది. చవక, ఎవరైనా బిగిస్తారు. దానికి తెలిసింది లైను ఒక్కటే, ఎక్స్‌టెన్షన్ తెలియదు. ఏ కాల్ ఎవరు ఎత్తారో, అది ఆర్డరో ఆసుపత్రో దానికి ఒకటే. ఈపీఏబీఎక్స్ లోపలి వైపు, అంటే ఆర్డర్లు తీసుకునే ఒక్క ఎక్స్‌టెన్షన్ తీగకు తగిలిస్తే కొంత నయం. ఆ టేబుల్ మీద ఉన్నది కంపెనీ వాళ్ల డిజిటల్ కీ ఫోన్ అయితే మామూలు పెట్టె పనిచేయదు. రిసీవర్‌కూ ఫోన్‌కూ మధ్య అడాప్టర్ పెట్టాలి.

మీ ఈపీఏబీఎక్స్ ఎలాగూ పాతబడిందన్నారు. మార్చేటట్టయితే ఐపీ పీబీఎక్స్, అంటే కంప్యూటర్ నెట్‌వర్క్ మీద నడిచే ఎక్స్ఛేంజ్, ఆలోచించండి. ఆస్టరిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ 1999 నుంచి ఉంది, దాని మీద నడిచే ఫ్రీపీబీఎక్స్‌ను చిన్న కంప్యూటర్ మీద కూడా పెట్టుకోవచ్చు. అందులో ఏ ఎక్స్‌టెన్షన్‌కు రికార్డింగ్ తప్పనిసరి, దేనికి అసలు వద్దు అని విడివిడిగా పెట్టొచ్చు. నాకు నచ్చేది ఇంకొకటుంది. అడిగినప్పుడు మాత్రమే రికార్డు చేసే ఏర్పాటు. ఆర్డర్ మొదలవగానే గుమస్తా స్టార్ వన్ నొక్కుతాడు, అప్పటి నుంచే ఫైలు మొదలు. 'ఆర్డర్ రికార్డు చేసుకుంటున్నానండీ' అని ఒక మాట అని నొక్కితే ఎవరికీ అభ్యంతరం ఉండదు. దీని బలహీనత కూడా చెప్పాలి. హడావుడిలో నొక్కడం మరచిపోతారు, గొడవ వచ్చేది సరిగ్గా ఆ కాల్ మీదే.

క్లౌడ్ టెలిఫోనీ ఇంకో దారి. కస్టమర్లందరికీ ఒకే నంబర్, 'ఈ కాల్ రికార్డు అవుతుంది' అని తెలుగులో ప్రకటన, తర్వాత మీ వాళ్ల మొబైళ్లకే కాల్ మళ్లుతుంది. రికార్డింగ్ ఆ కంపెనీ సర్వర్లో ఉంటుంది. హైదరాబాద్‌లోని ఓజోన్‌టెల్, బెంగళూరులోని ఎక్సోటెల్ లాంటివి ఈ పని చేస్తాయి. మొబైల్‌కు వచ్చే ఆర్డర్లు కూడా దీనికి దొరుకుతాయి కాబట్టి మీ షాపు తీరుకు ఇది దగ్గర. కాకపోతే నెలనెలా కట్టాలి, మీ కస్టమర్ల మాటలు పరాయి సర్వర్లో ఉంటాయి. పాత కస్టమర్ అలవాటుకొద్దీ మావయ్య నంబర్‌కే నేరుగా చేస్తే అది దొరకదు. వాట్సాప్ కాల్ దీనికీ దొరకదు.

మొబైల్‌లో రికార్డింగ్ యాప్ వేసేద్దామా అని కూడా అడిగారు. 2022 మే 11 నుంచి గూగుల్ తన ప్లే స్టోర్‌లో, యాక్సెసిబిలిటీ అనుమతిని (వైకల్యం ఉన్నవాళ్ల సౌకర్యం కోసం ఫోన్‌లో ఉన్న ఏర్పాటును) వాడుకుని కాల్స్ రికార్డు చేసే యాప్‌లను ఒప్పుకోవడం లేదు. గూగుల్ వాళ్ల సొంత ఫోన్ యాప్‌లో రికార్డు నొక్కితే అవతలి వాళ్లకు ప్రకటన వినిపిస్తుంది. ఐఫోన్‌లోనూ అంతే. బయటి వెబ్‌సైట్ల నుంచి ఏదో ఫైలు దించుకుని వేసే పని మాత్రం చేయకండి. షాపు యూపీఐ ఉన్న ఫోన్ అది.

నిల్వ గురించి మీరు పడుతున్న టెన్షన్ అనవసరం. మామూలు టెలిఫోన్ నాణ్యతలో కుదించని వేవ్ ఫైలు గంటకు 58 ఎంబీ లోపే. కుదిస్తే ఇంకా చాలా తక్కువ. కష్టమంతా వెతకడంలోనే ఉంటుంది. కాబట్టి ఏ పద్ధతిలోనైనా ఫైలు పేరులో తేదీ, సమయం, ఫోన్ నంబర్ ఉండేలా చూసుకోండి. ఎన్నాళ్లు ఉంచాలన్నదీ ముందే రాసిపెట్టండి. మీ అరువు గడువు 45 రోజులన్నారు. గొడవ ఏదైనా డబ్బు కట్టే వేళకు బయటపడుతుంది. రెండు నెలలు ఉంచి, వివాదం ఉన్న కాల్స్ తప్ప మిగతావి తుడిచేస్తే చాలు. వినే అధికారం ఎవరికి, ఎప్పుడు అన్నది కూడా రాయండి. 'గొడవ వచ్చినప్పుడు, ఆ కాల్ మాత్రమే, దాన్ని మాట్లాడిన మనిషి పక్కన ఉండగా' అన్న షరతు పెడితే రాత్రిళ్లు ఒంటరిగా వినే అలవాటు దానంతటదే పోతుంది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం నియమాలు 2025 నవంబర్‌లో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలు అక్కడి నుంచి 18 నెలల తర్వాత అమలవుతాయి. నోటీసు తెలుగులోనూ ఇవ్వొచ్చు. గోడ మీద ఒక కాగితం, ఫోన్‌లో ఒక ప్రకటన ఇప్పుడే పెట్టుకుంటే అప్పటికి మీకు సగం పని అయిపోతుంది.

ఇంత చెప్పాక కూడా, మీ స్థానంలో ఉంటే నేను రికార్డింగుతో మొదలుపెట్టను. ఫోన్‌లో ఆర్డర్ తీసుకునే షేర్ బ్రోకర్లకు స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ రుజువు ఉంచుకోమనడంలో అర్థముంది, అక్కడ ధర నిమిషంలో మారుతుంది. మీ సరుకు లారీ ఎక్కేది సాయంత్రం. ఆర్డర్ రాసుకున్నవాళ్లు అంకె అంకెగా తిరిగి చదివి, పార్ట్ నంబర్, పీసుల లెక్క వాట్సాప్‌లో పంపి, 'సరే' అని జవాబు వచ్చాకే బిల్లు కొడితే మీ రెండు గొడవలూ పుట్టేవి కావు. ఇది మావయ్య ఒక్కరికి పెట్టకండి, మీతో సహా అందరికీ పెట్టండి. మొదటి రెండు వారాలు పాత కస్టమర్లు విసుక్కుంటారు. 'ఇన్నేళ్లుగా లేంది ఇప్పుడేంటి' అంటారు. అలవాటవుతుంది.

ఇక మావయ్యకు చెప్పడం. ఏమీ చెప్పకుండా పెట్టె తీసేయొచ్చు, ఫైళ్లు తుడిచేయొచ్చు. అప్పుడు ఇంట్లో, షాపులో ఏ గొడవా రాదు, ఆ ఫిట్టర్ నోరు విప్పనంత కాలం. ఆటోనగర్‌లో ఒక ఫిట్టర్ ఎన్ని షాపులు తిరుగుతాడో మీకే తెలుసు. ఆయన ద్వారా తెలిస్తే మావయ్య ఉగాది దాకా కూడా ఆగరు.

అన్నీ చెప్పేయొచ్చు, 'మీరు అమ్మాయితో మాట్లాడింది విన్నాను' అని కూడా. మీ గుండె బరువు దిగుతుంది. ఆయనకు మాత్రం దాచుకున్న విషయం పట్టుబడినట్టవుతుంది. ఆయన భయపడింది దీనికే. ఆ పరిస్థితిలో మీరు ఎంత ప్రేమగా డాక్టర్ దగ్గరికి వెళ్దామన్నా జాలిపడుతున్నారనే అనుకుంటారు.

నేను మధ్యదారి వైపు మొగ్గుతాను. పెట్టె సంగతి మీరే చెప్పండి. నెల రోజులు రికార్డు చేశాను, మీకు చెప్పకుండా చేయడం నాది తప్పు, తీసేశాను అని. ఏం విన్నారో మీ అంతట మీరు చెప్పకండి. ఆయన అడిగితే అబద్ధం ఆడకండి. అడుగుతారని నా అనుమానం, ఆయనకు తాను ఏం మాట్లాడారో గుర్తుంటుంది కదా. అప్పుడు ఆయనే చెవుల మాట ఎత్తుతారు, లేదా మౌనంగా ఊరుకుంటారు. రెండిటికీ సిద్ధపడి వెళ్లండి. షాపులో కౌంటర్ ముందు కాదు, ఆయన ఇంటికి వెళ్లి చెప్పండి. ఉద్యోగం గురించి కూడా మీరు ముందుగా ఒక మాట అనొచ్చు. ఫోన్ పని ఇంకొకరికి ఇచ్చి, స్టాకు, వసూళ్లు, పాత పార్టీలతో సంబంధాలు మీరు చూడండి అని. గోడౌన్ కోసం పక్క వీధి వాళ్లు అడుగుతున్నది ఆయన అనుభవాన్నే, అది మీకూ కావాలి. అయినా వెళ్తానంటే గౌరవంగా పంపండి.

బిల్లింగ్ ఆవిడ విషయం వేరు. ఆవిడకు మీరు వివరాలు గుర్తుచేయాల్సిన పని లేదు, గుర్తుచేయకూడదు కూడా. షాపు లైన్లు ఫలానా తేదీ నుంచి రికార్డయ్యాయి, ఫైళ్లన్నీ తుడిచేశాను, క్షమించండి అని చెబితే ఆవిడకే అర్థమవుతుంది. చెప్పేటప్పుడు మీ భార్య పక్కన ఉంటే మేలు. ఆవిడ కోప్పడొచ్చు, మానేయొచ్చు, ఫిర్యాదు కూడా చేయొచ్చు. ఆ హక్కు ఆవిడది, ఆపించే ప్రయత్నం చేయకండి. మీరు నాకు రాసిన ఆ కాల్ వివరాలు నేను ఇక్కడ వేయలేదు. మీరూ ఇంకెవరికీ చెప్పొద్దు.

నాన్నగారికి తెలియాలా అన్నారు. తెలియాలి, అందరికన్నా ముందు. షాపు ఇంకా ఆయన పేరు మీదే ఉంది, ఆయన వద్దన్న పనే చేశారు. ఆయన ఆరోగ్యం దృష్ట్యా గట్టిగా కేకలు వేసే పరిస్థితి రాకుండా మీ అమ్మగారి ముందు, నెమ్మదిగా, సమస్యతో పాటు వాట్సాప్ పద్ధతి కూడా కలిపి చెప్పండి. మావయ్య చెవుల సంగతి మాత్రం ఆయనకూ చెప్పకండి, అది మావయ్య చెప్పుకోవాల్సిన విషయం.

డ్రాయర్ నియమం కూడా ఎత్తేయండి, లేదా కనీసం ఇంటి ఫోన్లకు ఒక ఎక్స్‌టెన్షన్ విడిగా పెట్టి దానికి ఎప్పటికీ రికార్డింగ్ ఉండదని రాసి అంటించండి. పెట్టె తీయించేటప్పుడు ఫిట్టర్‌ని ఒంటరిగా వదలకండి. లైను మీద వేసిన జాయింట్లన్నీ విప్పించండి, మెమరీ కార్డు మీ చేతిలోకి తీసుకోండి. మీ ల్యాప్‌టాప్‌లో కాపీలున్నాయన్నారు. గూగుల్ డ్రైవ్ బ్యాకప్ ఆన్‌లో ఉంటే అక్కడా ఉంటాయి, అక్కడి ట్రాష్‌లో కూడా. అన్నీ ఖాళీ చేయండి.